ఆటీను తొమ్మిది

మార్చి 9, ఆదివారం

చిరంజీవి చిన్నోడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మోకాళ్లు తప్ప తక్కినదంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా లేవని మరదలు రాసిన ఉత్తరం నిన్న అందింది.

యాభై ఎనిమిదేళ్ల కిందట మనం ఒకరికొకరం మాట ఇచ్చుకున్నాం. ఎంత చెయ్యి తిరిగినా అమ్మ ముందు మాత్రం పేక తీయకూడదని. ఆ మాట నువ్వు తప్పావు. ఈ ముక్క ముందే రాసేస్తే తక్కినది రాయడం తేలిక.

నువ్వు పరుపులు తిరగేస్తున్నావట. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూస్తున్నావట. ఏమిటి వెతుకుతున్నారని అడిగితే, "అది ఇక్కడే ఉండాలి" అంటున్నావట. అక్కడిదాకా చదివి ఉత్తరం బల్ల మీద పెట్టేశాను. ఆ మాట ఎవరిదో మరదలికి తెలియదు. ఆవిడ కాపురానికి వచ్చేసరికి అమ్మ లేదు. డాక్టరు ఇదంతా వయసు అన్నాడట. నాకు నీకంటే మూడేళ్లు ఎక్కువే, నేను పరుపులు తిరగెయ్యడం లేదే.

నీ గారడీకి జరిగిన సన్మానం వార్త పేపర్లో చదివాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని, నీ వేళ్లే నీ గురువులని చెప్పావు. మనిద్దరికీ పేక పట్టడం నేర్పిన దర్జీ మాస్టారు పోయి చాలాకాలమైంది కనక చెల్లిపోయింది. నేనింకా పోలేదు. ఊళ్లో వాళ్ల పుస్తకాలన్నిటికీ అట్టలు కట్టినవాణ్ణి, అట్ట వేసే ముందు ప్రతిదీ చదివినవాణ్ణి. ఇంత అబద్ధం నవలల్లో కూడా తక్కువే చూశాను.

రెండు నెలలపాటు మాస్టారు మనచేత పేకను ఊరికే పట్టించాడు. ఎడమచేతిలో, బొటనవేలు ఒక అంచున, చూపుడువేలు ముందు, తక్కిన మూడూ అవతలి అంచున. అన్నం తింటున్నా, నడుస్తున్నా పేక చేతిలోనే. చేతిలో పేక ఉందన్న సంగతి మరిచిపోయిన రోజున రమ్మన్నాడు. మరిచిపోయాకే కలపడం నేర్పాడు. తరవాత రెండు ముక్కల్ని ఒకటే అనిపించేలా ఎత్తడం. చివరికి అరచేతిలో దాచడం. నా అరచెయ్యి వెడల్పు, ముక్క సొంత ఇంటికి వెళ్లినట్టు వెళ్లేది. నీ వేళ్ల సందుల్లోంచి ఒక మూల తొంగి చూసేది, మాస్టారు గజం కర్రతో దాని మీద కొట్టేవాడు. బిగించకురా, చెయ్యి ఖాళీగా ఉందని ముందు నువ్వు నమ్ము అని చెప్పింది నేను. నీకు చప్పట్లు తెచ్చిన కిటుకు నాది.

మాస్టారి నియమం ఒక్కటే. నమ్మేవాళ్ల ముందు చెయ్యొద్దన్నాడు. "అనుమానించేవాడు ఇంటికెళ్లి నిద్రపోతాడు. నమ్మినవాడు ఎక్కడికీ వెళ్లడురా" అన్నాడు. మనింట్లో అమ్మ బరువు తూచే మెషిన్ చీటీ మీది జోస్యాన్ని కూడా దాచుకునే మనిషి. అందుకే కదా మాట ఇచ్చుకున్నాం.

ఆ సాయంత్రం అమ్మ లాండ్రీలో రోజంతా ఇస్త్రీ చేసి వచ్చి, వేడినీళ్ల బేసిన్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. నువ్వు ముక్కలు విసనకర్రలా పరిచావు. అమ్మ ఒకటి లాగి, నీ వెనకాల నిలబడ్డ నాకు చూపించింది. ఆటీను తొమ్మిది. మళ్లీ పెట్టించి, కలిపి, దాన్ని మీదికి తెచ్చి, అరచేతిలో దాచి, చొక్కా పక్కజేబులోకి జార్చావు. బాగానే చేశావు. ఖాళీ చేతులు చూపించావు. ముక్క దిండు కింద ఉందని చెప్పి, అక్కణ్ణుంచి తీసినట్టు చూపించాలని జేబులో చెయ్యి పెట్టావు. జేబు ఖాళీ.

"పోయిందమ్మా" అన్నావు.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కాళ్లు తుడుచుకుని లేచి దిండు ఎత్తి చూసింది.

పదకొండేళ్లు చూసింది. వంట మధ్యలో, పని మధ్యలో, వచ్చినవాళ్లని కాస్త కాళ్లు ఎత్తమని అడిగి మరీ. కొత్త పేక కొని అందులోని ఆటీను తొమ్మిది ఇస్తే, అటూ ఇటూ తిప్పి, ఇది కాదురా అని తిరిగిచ్చేసింది. ఆఖరి నెలలో మంచాన పడింది. ఒక మధ్యాహ్నం నేను పక్కగదిలో ఉంటే పేక కలుపుతున్న సరసర వినపడింది. నువ్వనుకుని వచ్చాను. నువ్వు లేవు. అమ్మ ఖాళీ ఎడమచెయ్యి మాస్టారు పట్టించిన పట్టులోనే ఉంది, కుడిచెయ్యి గాలిలోంచి ముక్కలు లాగుతోంది. ఆ పట్టు కుదరడానికి మనకి రెండు నెలలు పట్టింది. అమ్మకి ఎవరు నేర్పారు?

పోయిననాడు కుడి అరచెయ్యి సగం ముడిచి ఉంది, ముక్కని దాచినప్పుడు ముడుచుకునేంత. నేను తెరిచాను. నాలుగు మూలలు గుచ్చుకున్న నాలుగు గుర్తులు. నువ్వూ చూశావు. మంచం పట్టీ గుర్తులన్నాను.

అప్పటినుంచి నువ్వు ప్రతి ఆట చివరా నీ అరచేతిలోకి ఒకసారి చూసుకుంటావు. జనం దాన్ని నీ స్టైలు అనుకున్నారు. నిజంగా మాయమైందని, దాని సంగతి నాకేమైనా తెలుసా అని మూడు ఉత్తరాలు రాశావు. చేతకానితనానికి కథలల్లకు అని మూడింటికీ ఒకటే జవాబిచ్చాను.

ఇక వెతకడం ఆపు. పరుపులు సర్దెయ్యమని మరదలితో చెప్పు. వేళకి తిను.

అన్నయ్య

తా.క. ముక్క ఈ కవరులోనే ఉంది. నీ జేబులోంచి నేనే తీశాను. రెండు నిమిషాలు నువ్వు సిగ్గుపడితే చాలనుకున్నాను. ఈలోగా అమ్మ దిండు ఎత్తింది. అప్పుడు తీసివ్వడం కుదరలేదు, మర్నాడు అసలే కుదరలేదు. ఆ పదకొండేళ్లూ అది షాపులో రెండు అట్టల మధ్య ఉంది, ఇంటికి తేలేదు. అమ్మ పోయిన మర్నాడు వెళ్లి చూస్తే, ఎవరో చాలాసేపు అరచేతిలో దాచుకున్నట్టు వంగి ఉంది. నలభై ఏడేళ్లుగా అట్టలు నొక్కే ఇనప ప్రెస్సులో పెట్టి మర బిగిస్తున్నాను. మర విప్పినప్పుడు చదునుగానే ఉంటుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లేలోగా వంగిపోతుంది. నా చేతి వేడికేమోనని పటకారుతో కూడా పట్టి చూశాను. నీకు చేరేసరికి ఎలా ఉంటుందో రాయి.

నన్ను తిట్టుకో, నీ హక్కు. నేను తప్పుపట్టేది మాత్రం వేరే మనిషిని. ఆ రోజు నువ్వు గదిలోకి రాకముందే నేను నా పేక పరిచి ముందు పెట్టాను. అటు చూడనైనా చూడకుండా, "ఉండరా, చిన్నోణ్ణి రానీ, వాడి చేతిలోది తీస్తా" అంది.

అమ్మని.