సగం కొండ దగ్గర ఆగిన పసుపు

ఆదివారం రాత్రి, తిరుత్తణి

నా పెళ్లి కుదరాలని అమ్మ మొక్కిన మెట్ల పూజను నేను కావాలనే సగంలో వదిలేసి వచ్చానని ఇంట్లో తేల్చేశారు. "సామి ముందరే మొండితనమా నీకు? పెండ్లి వద్దంటే నాతో చెప్పుండొచ్చు కదే!" అని అమ్మ ఒకటే సణుగుడు. నా మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

ప్రతి ఏడూ కొండ మెట్లకు నేను పసుపు రాస్తే, వెనకే కుంకుమ పెట్టేది చిన్నాన్న కూతురు దేవకి. ఈసారి అది తిరువళ్లూరులో, అత్తగారింట్లో, చంటిపిల్లతో ఉంది. రెండు పనులూ నా మీదే పడ్డాయి. మెట్టుమెట్టుకూ రెండుసార్లు వంగేసరికి సగం కొండకే మోకాళ్లు అప్పడాలు విరిగినట్టు పటపటమన్నాయి. లేస్తూ "అమ్మా" అన్నాను, అచ్చం మా అవ్వ గొంతుతో. ఇరవయ్యారేళ్లకే! వెనక నుంచి ఓ స్కూలు పిల్ల, "ఆంటీ, రోంత జరగండి" అంది. ఆంటీ ఎవరా అని చుట్టూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు.

నవ్వొచ్చింది. అది దేవకికి చెప్పాలని మెట్టు మీదే కూర్చుని ఫోన్ చేశాను. "పాప ఇప్పుడే పండుకునిందే, మళ్ళ చేస్తాలే" అని గుసగుసగా చెప్పి పెట్టేసింది. రాత్రయినా చెయ్యలేదు. నేను కొండ దిగొచ్చేసింది అది ఫోన్ పెట్టేసినప్పుడే. తప్పంతా మోకాళ్ల మీదకు నెడితే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు.

వచ్చే ఆదివారం ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడతాను. పసుపూ నేనే, కుంకుమా నేనే. పెళ్లి కోసం మాత్రం కాదు.