బోర్డు మీద బావగారు వదిలిన తప్పు

అక్కయ్యా, నమస్కారం. నీ బెంగ తీరే మాట ముందు చెప్తాను. బావగారి క్లాసుకు బీజగణితం చెప్పే మనిషి దొరికారు.

వెతకలేక తల ప్రాణం తోకకొచ్చింది. పిల్లలు మర్నాడు పట్టుకోవాలని బావగారు రోజూ బోర్డు మీద ఒక లెక్కలో కావాలనే తప్పు వదిలేవారు కదా. ఆయన పోవడానికి ముందురోజు వేసిన లెక్కను పిల్లలు తుడవనివ్వలేదు. దాని సంగతి కొత్తవాళ్ళకు చెప్పనని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నారు. వచ్చిన ప్రతి ట్యూటరూ "మీ మాస్టారికి గుర్తు మార్చడం కూడా రాదా?" అంటూ డస్టర్ అందుకోవడమే. పిల్లలు బోర్డుకు అడ్డం నిలబడేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నిన్న ఒక రిటైరైన టీచరమ్మ వచ్చారు. బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. "పై వరుసలన్నీ ఇంత శుభ్రంగా వేసినాయన చివర్లో పొరపడరు. ఇది మీకోసం వదిలిందేగా? ఎవరు దిద్దుతారు?" అని సుద్దముక్క ముందుకు పట్టారు. వెనక బెంచీ అమ్మాయి లేచి వెళ్ళి, ప్లస్సును మైనస్ చేసి, అక్కడే ఏడ్చేసింది. తర్వాత పిల్లలే బోర్డు తుడిచారు.

బావగారి చెక్క స్కేలు నీ దగ్గరుంటే పంపు, ఆవిడకిద్దాం. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావో లేదో అమ్మచేత రాయించు, ఆ విషయంలో నీ మాట నమ్మను. అమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు

చోటు లేక అంచున రాస్తున్నాను. టీచరమ్మ వెళ్తూ బోర్డు మీద ఒక లెక్క వేసి వెళ్ళారు. అందులో ఒక తప్పుంది.