జపాన్‌లో రెండో పెద్ద నగరం

మంగళవారం రాత్రి, సిద్దిపేట

యోకోహామాలో నర్సు ఉద్యోగం వచ్చిందని పొద్దున చెప్తే బాపు ముఖం వెలిగింది. కానీ మా ఇంట్లో ఏదైనా బాపు వాళ్ల అన్న, పెద్దబాపు ఊ అంటేనే ఖాయం. సాయంత్రం ఆయన మిరుదొడ్డి నుంచి వచ్చి, చాయ్ తాగి, తీర్పు మొదలుపెట్టాడు.

"గదేం ఊరు బిడ్డా? టోక్యో అంటే ఇన్నం. గీ పేరు ఎన్నడన్న ఇన్నమా?"

"జపాన్‌ల టోక్యో తర్వాత గదే పెద్దది, పెద్దబాపూ. ఒసాక గూడ దాని ఎనుకనే."

"మన హైదరాబాద్ కన్న పెద్దదా?"

కాదన్నాను. నిజం అదే మరి.

"హైదరాబాద్ ఉండంగ చిన్నూరికి పోవుడేంది? నలుగురు నవ్వుతరు!"

ఊళ్లను సంతలో గొర్రెల్లా చేత్తో లేపి తూచే మనిషి! బాపు తల ఊపాడు. పొద్దున సంతోషపడింది ఈ బాపేనా? ఒళ్లు మండిపోయింది.

ఎల్లుండిలోగా యోకోహామా ఆసుపత్రి వాళ్లకు జవాబివ్వాలి. రేపు పెద్దబాపుకు ఫోన్ చేసి, ఉద్యోగం టోక్యోకే మారిందని చెప్తాను. ఆయన ఆర్డర్ కాగితం అడిగి చూస్తాడన్న భయం నాకు లేదు. పొద్దున అది చదివిన బాపుకు మాత్రం అబద్ధమని తెలుస్తుంది. ఆయనేమీ చెప్పనక్కర్లేదు, అన్న ముందు ఎప్పటిలాగే నోరు మూసుకుంటే చాలు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మౌనం నాకు పనికొస్తుందేమో...