దగ్గితేనే కదిలే బస్సు

డిపో మేనేజరు గారి సముఖమునకు, బస్‌స్టాండు ప్రకటనల గదిలో మైకు ముందు కూర్చొను ఉద్యోగి ఊపిరి కూడదీసుకొని వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఛాతీలో దగ్గు ఎంతకూ తగ్గనందున రద్దయిన సెలవును తిరిగి ఇప్పించుట గురించి, మరియు సదరు దగ్గును ప్రయాణికుల సౌకర్యాలలో నుండి తొలగించుట గురించి.

1. వానాకాలంలో జలుబుతో పాటు వచ్చిన ఈ దగ్గు, జలుబు పోయినను పోలేదు. ఆసుపత్రిలో సిరప్పు వ్రాసిరి. తగ్గలేదు. సిరప్పు మార్చిరి. తగ్గలేదు. మాత్రలు, ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష అన్నియు అయినవి. "భయపడాల్సిన జబ్బేం కాదు" అని డాక్టరు గారు సెలవిచ్చిరి. సంతోషించితిని. సంతోషిస్తూనే దగ్గితిని. ఇంట్లో నా భార్య ఆవిరి పట్టించి, తేనె నాకించి, వీపు రాచి రాచి, ఇప్పుడు చేయి నొప్పికి తాను మాత్రలు వాడుచున్నది.

2. చివరకు డాక్టరు గారు నా ఉద్యోగమేమిటని అడిగిరి. ప్రకటనల గది కిటికీ సరిగ్గా నాలుగవ ప్లాట్‌ఫారం మీదికి ఉన్నదనియు, అచ్చట బస్సులు ఇంజను ఆపకుండా నిలుచుననియు చెప్పితిని. ఆయన కలం కింద పెట్టేసి, "నేను మందు పోస్తుంటే మీరు రోజంతా పొగ తాగుతున్నారా? ఇంకెక్కడ తగ్గుతుందండీ బాబూ! ముందు ఆ గదిలోంచి బయటపడండి. గొంతెత్తకండి," అనిరి. సర్టిఫికెట్టు జతపరచడమైనది.

ఇంజను ఆపమని డ్రైవర్లను బ్రతిమాలితిని. "ఆపితే మళ్ళీ స్టార్టవదు బాబాయ్, నువ్వొచ్చి తోస్తావా?" అనిరి. వారి తప్పు లేదు. ఆ బస్సుల సంగతి తమకు తెలియనిది కాదు.

3. డాక్టరు గారి సలహాపై తమరు సెలవు మంజూరు చేసితిరి. నా స్థానంలో పార్సిల్ ఆఫీసు గుమాస్తాను కూర్చోబెట్టితిరి. అతనిది గంట వంటి గొంతు. అయినను బెంచీల మీద నుండి ఒక్కరును లేవలేదు. బస్సు ఖాళీగా వెళ్ళిపోయినది. ఆనక జనం ప్రకటనల గది మీద పడి, "చెప్పకుండా ఎలా పంపించేస్తారు?" అని తగువులాడిరి. గుమాస్తా "నోరు నొప్పెట్టేలా చెప్పాను కదమ్మా!" అనగా, సంచి పట్టుకున్న ఒక పెద్దావిడ, "ఏం చెప్పావో ఏమో! దగ్గు వినపడందే ఎట్లా లేస్తాం నాయనా?" అనినదట.

ఇందుకు కారణం మనవి చేసుకొందును. మన స్పీకర్లు పాడై చాన్నాళ్ళయినది. ఏ మాట పలికినను బుడబుడమని నీళ్ళు మరిగినట్లే వినబడును. స్పష్టంగా వినబడునది నా దగ్గు ఒక్కటే. నేను మైకు నొక్కగానే దగ్గు వచ్చును; దగ్గు రాగానే జనం సంచులు భుజాన వేసుకొని లేతురు. స్పీకర్లు బాగు చేయించమని నేను పెట్టుకొన్న వినతికి, "ప్రయాణికులు సకాలంలో బస్సు ఎక్కుచున్నారు కావున స్పీకర్లు పనిచేయుచున్నట్లే" అని జవాబు వచ్చినది. నాకు నవ్వు వచ్చినది గాని, నవ్వితే దగ్గు వచ్చునని ఊరుకొంటిని.

గుమాస్తాను కూడా దగ్గమని తమరు ఆదేశించితిరి. పాపం, దగ్గినాడు. "దొంగ దగ్గు!" అని జనం నవ్విరే గాని లేవలేదు. అంతట నా సెలవు రద్దయినది.

4. అయ్యా, ఒక్క మాట. సెలవులో ఉన్న ఆ నాలుగు రోజులు నాకు దగ్గు తగ్గుముఖం పట్టినది. ఇది నిజము. మధ్యాహ్నం కునుకు తీయుచుండగా నా భార్య వంటింట్లో నుండి పరుగున వచ్చి, నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఏవండీ, దగ్గట్లేదేంటి?" అని, నేను కళ్ళు తెరవగానే అక్కడే కూలబడి ఏడ్చినది. "హడలగొట్టేశారు కదండీ," అనినది. ఆ మర్నాడే తమ మెమో వచ్చినది. గదిలోకి వచ్చిన పూటనే దగ్గు కూడా తిరిగి వచ్చినది. విసిగిపోయితిని. తల ప్రాణం తోకకు వచ్చుచున్నది.

5. కావున, నాకు తిరిగి సెలవు ఇచ్చి, స్పీకర్లు బాగు చేయించి, అంతవరకు ఒక గంట కొట్టించగలరని ప్రార్థన. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. సెలవు మీద పోవుటకు ముందు నా దగ్గును టేపులో రికార్డు చేసి ఇవ్వవలెనని తమరు నిన్న సెలవిచ్చితిరి. అందులకు కూడా ఒప్పుకొనుచున్నాను. ఈ సాయంత్రమే కూర్చొందును.

ఓపిక ఉన్నంతలో వ్రాసితిని; చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రకటనల గది (ప్రయాణికుల వాడుకలో: దగ్గు మాస్టారు)

తా.క.: రికార్డింగు అయింది సార్. మన ఎలక్ట్రీషియన్ టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. నా దగ్గును బయటినుంచి నేనెప్పుడూ వినలేదు. లోపలుండి దగ్గేవాడికి తెలియదు. ఇంత ఘోరంగా ఉంటుందనుకోలేదు. ఎలక్ట్రీషియన్ నా మొహం చూడకుండా వైర్లు చుట్టుకుంటూ, "బాబాయ్, ఇంకెన్నాళ్ళు కూర్చుంటావ్ ఇక్కడ?" అన్నాడు.

బెంచీల మీద ఇంకెవరైనా అలా దగ్గుతుంటే, మైకులో నేనే చెప్పేవాణ్ణి, "ఎవరి తాలూకో గానీ, ఆ మనిషిని ఇంటికి తీసుకెళ్ళండయ్యా" అని. టేపు బల్ల మీద పెట్టాను. మనిషిని నేను తీసుకెళ్తున్నాను.