పోగులు తెంపిన పెళ్లిచూపులు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ రోజు మనింట బొరుగుల ఉగ్గానిలో ఉప్పు వేసే అధికారం నా ఒక్కదానిదే.

అక్కా, నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీ కూతురు శాంతమ్మను చూసుకోవడానికి ఆదోని నుంచి పిల్లవాడు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేత ఇంటి బిడ్డే, ఇప్పుడు పత్తి మిల్లులో పని.

"సిన్నమ్మా, పెండ్లయినాక మగ్గం మానుకోమంటే నేను పోను. ఆయప్పనే అడగాల" అంది శాంతమ్మ, వాళ్లు రాకముందే.

పెళ్లి కాకముందే పిల్ల పిల్లవాడితో మాట్లాడడం మన ఇళ్లలో ఎక్కడిది? అయినా అడిగించి తీరాలనుకున్నాను.

"పౌడరు తుడుసుకో, పిండిమరలోంచి వచ్చినట్టుండావు. ముందు నీ మాట అడుగు, సిగ్గు తరువాత పడుదువు. మీ అమ్మ కూడా మీ నాయన్ను అడిగినాకే ఒప్పుకునె" అన్నాను.

వాళ్లు రాగానే మగ్గం మీద నాలుగు పోగులు తెంపాను.

"నాకు సూపు ఆనదు నాయనా, రవ్వంత అతుకుదువు రా" అని పిల్లవాణ్ణి లోపలికి పిలిచి, శాంతమ్మ పక్కన కూర్చోబెట్టి, పెద్దలు రాకుండా గడపకు అడ్డంగా కూర్చున్నాను.

శాంతమ్మ తెగిన పోగు అందిస్తూనే, పెళ్లయ్యాక మగ్గం మానుకోమంటావా అని అడిగింది.

"నేను అతికేది మర్సిపోయినా. నువ్వు మగ్గం మానితే నాకెవరు నేర్పిస్తారు?" అన్నాడు.

నాలుగు పోగులకు అంతసేపు పట్టిన మగవాణ్ణి నేను చూడలేదు.

వాళ్లు వెళ్లాక శాంతమ్మ మీ ఆయన్ను, అదే మా బావను, అడిగింది: "అమ్మ నిన్ను ఏమడిగె నాయనా?"

బావ నా వైపు చూసి, తల దించుకుని, "ఇదే అడిగె. నేను సరే అంటి" అన్నాడు.

అక్కా, తాళి పడేదాకా నువ్వు ఆయన ముఖమే చూడలేదు. నువ్వు అడిగావన్న ఆ మాట మొత్తం నేను కల్పించిందే.