గోస్తనిలో లేని పడవ

ఆదివారం రాత్రి

పొద్దున కొత్త కెమెరాతో భీమిలి దగ్గర గోస్తని ఒడ్డుకెళ్లాను. ఫోటో తన పడవకే అనుకుని పడవాయన దోసిళ్లతో నీళ్లు పోసి మరీ దాన్ని కడిగాడు. నాకు కావలసింది నదీ, వెనక కొండా. టీకొట్లో కూర్చుని ఫోటో ఫోన్లోకి ఎక్కించుకుని, పడవని చెరిపేసి, గ్రూపులో పెట్టాను. ఒకటే పొగడ్తలు. మురిసిపోయాను కూడా.

ఇంతలో పడవాయన తన భార్యని వెంటబెట్టుకొచ్చాడు. "ఏదీ, మా పడవ సూపించండి బాబూ!"

ఇద్దరూ ఫోన్ మీదికి వంగి చాలాసేపు వెతికారు.

"రంగు ఎలిసిపోనాది కదా, పడ్నేదేటో" అన్నాడు ఆమెతో. "రంగేయించినాక మళ్లీ తీద్దురుగాని బాబూ."

అసలు ఫోటో మెడలో ఉన్న కెమెరాలోనే ఉంది. చూపిస్తే చెరిపానని తెలిసిపోతుందని...

రంగుదే తప్పన్నట్టు తలూపాను.