అన్ని పాకెట్లూ ఒక్కరోజే

అక్కా,

ఎలా ఉన్నావు? పురుడయ్యేదాకా మంచం దిగొద్దని మీ డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట కదా, దిగకు. నీళ్లు కూడా బావనే తెమ్మను, కాస్త ఒళ్లు వంగుతుంది.

అమ్మ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాను. బయట గోడకీ గేటుకీ మధ్య జాగా ఉంది చూడు, నా అడుగులతో పన్నెండు పొడుగు, ఏడు వెడల్పు. అందులో పడున్న పగిలిన బకెట్లూ, రాళ్లూ అన్నీ ఎత్తిపోశాను. అమ్మ దానికి పాత క్యాలెండర్ వెనక ప్లాను గీసింది. ఇరవై రెండేళ్లు నర్సరీలో నారు పోసిన మనిషి కదా, మంచంలో ఉన్నా పెత్తనం పోలేదు. గోడ వైపు పొద్దుతిరుగుడు, దాని ముందు సీతజడ, ఆ ముందు జీనియా, అంచున పొట్టి బంతి. ఒక్కో విత్తనాల పాకెట్టూ నాలుగు వంతులు చేసి, పదిహేను రోజులకొక వంతు చల్లాలట. మొదటివి వాడేసరికి తర్వాతివి అందుకోవాలట.

"ఈ సీజనంతా కిటికీలో పువ్వు లేని రోజు ఉండకూడదు. పదిహేను రోజులు ఆగడం నీ వల్ల అవుతుందా, తూనీగా? ఆరు నెలల్లో మూడు పనులు మానేశావు" అంది.

"ఇప్పుడు టైర్ల షాపులో కుదురుగానే ఉన్నా కదే!"

"ఎన్నో రోజు?"

"తొమ్మిదోది."

కుట్లు లాగుతున్నా ఆపకుండా నవ్వింది. రేపు కుట్లు విప్పించడానికి తీసుకెళ్తున్నా. రాగానే మొదటి వంతు చల్లేస్తా.

నీ తమ్ముడు,
తూనీగ

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఒక్క తిట్టు కూడా వదలకుండా చదివాను. ఎదురింటి టైలరమ్మ ఫోన్ చేసి చెప్పిందన్నమాట. నిజమే. అన్ని పాకెట్లూ ఒక్కరోజే చల్లేశాను. "అమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే, పదిహేను రోజులు ఆగలేకపోయావురా వెధవా" అని రాశావు. నువ్వు అలాగే అనుకుంటే మంచిదే అనుకున్నా. కానీ పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఇంక నా వల్ల కాదు, చెప్పేస్తా. ఫోన్‌లో అయితే సగంలోనే పెట్టేస్తా.

కుట్లు విప్పిన రోజు డాక్టరు అమ్మని బయట బల్ల మీద కూర్చోమని నన్ను లోపలికి పిలిచాడు. లోపల గడ్డ ఇంకా ఉందట, తీయడానికి లేదట. "మహా అయితే మూడు నెలలు. ఆవిడకి ఇప్పుడే చెప్పకు" అన్నాడు. ఇంటికొచ్చి పాకెట్లు ముందేసుకుని కూర్చున్నా. జీనియా పూయడానికే రెండు నెలలు. సీతజడకి ఇంకా ఎక్కువ. ఆఖరి వంతు పూసేసరికి నాలుగు నెలలు దాటుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసినోడికైనా ఆ మాత్రం లెక్క వస్తుంది. పాకెట్లు చిరగకపోతే పళ్లతో చించాను. నీకు చెబుదామని రెండుసార్లు ఫోన్ తీశా. నీ కడుపులో ఉన్నది గుర్తొచ్చి పెట్టేశా.

పూశాయి అక్కా. అన్నీ ఒక్కసారే విరగబూశాయి. దారినపోయేవాళ్లు గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు. టైలరమ్మ కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ టేపు మెడలో వేసుకునే వచ్చేసింది. అమ్మ తలగడలు ఎత్తుగా పెట్టించుకుని పొద్దస్తమానం అటే చూసేది. పన్నెండు రోజులు. తర్వాత వాన పట్టుకుంది. నాలుగు వంతుల విత్తనం ఒకేచోట కిక్కిరిసి మొలిచిందేమో, గాలాడక బూజు పట్టి మొత్తం కుళ్లిపోయాయి.

డాక్టరు చెప్పిన గడువు దాటి నెలైంది. అమ్మ ఉంది. కిటికీలో పుల్లలే ఉన్నాయి. అమ్మ ఇంకా ఉన్నందుకు సంతోషపడాలి కదా. ఆ పుల్లలు కనబడినప్పుడల్లా తప్పు చేసినోడిలా తల దించుకుంటున్నా. ఇంకోటి కూడా చెప్పాలి. పూలున్న ఆ పన్నెండు రోజులూ నేనేం కోరుకున్నానో తెలుసా? పోయేదేదో ఇప్పుడే పోతే బాగుండు, పూలుండగా, అని. కన్నతల్లి గురించి. దీనికి తిట్టు అక్కా, దానికి కాదు.

తూనీగ

*

అక్కా,

నా ఉత్తరం చదివిన రోజు నువ్వు ఫోన్‌లో ఏడుస్తూ "అనవసరంగా తిట్టానురా" అన్నావు. అమ్మ పోయే ముందు జరిగింది నీకు చెప్పాలి. చంటిబిడ్డతో ఉన్నావు, అప్పుడే చెప్పొద్దని అమ్మే అంది. ఇప్పుడు చెప్పకపోతే నేనొక్కణ్ణే మోయాలి.

పోవడానికి ఆరు రోజుల ముందు పుల్లలు పీకుతున్నా. కిటికీలోంచి పిలిచింది.

"ఏరా, డాక్టరు ఎన్నాళ్లన్నాడు?"

"ఏ డాక్టరే?"

"నా దగ్గరా నీ వేషాలు! ఆ రోజు పాకెట్లు చించుతుంటే ఇక్కణ్ణించే చూశాను. నీకు తొందరైతే రెండు పాకెట్లు చల్లి, మిగతావి అక్కడే పడేసి షికారుకి పోతావు. పుట్టి బుద్ధెరిగాక మొదలెట్టిన పని అదే రోజు ముగించావా ఎప్పుడైనా? మూల మూలా చల్లి, నీళ్లు కూడా పెట్టి లేచావు. అప్పుడే అర్థమైపోయింది నాకు."

"మూడు నెలలన్నాడు" అన్నాను.

"నాలుగు దాటింది కదరా! ఆలస్యం చేశాను, ఏమనుకోకు" అంది, నవ్వుతూ.

నేను ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చాను. నీకు రాసిందే అమ్మకీ చెప్పేశా, పూలుండగా పోతే బాగుండనుకున్నానని.

"నేనూ అదే అనుకున్నాలే. కుదరలేదు" అంది. "నర్సరీలో అన్నేళ్లు చేశాను. నారు ఎదగ్గానే బండెక్కించేవాళ్లం, మొగ్గ కూడా చూడనిచ్చేవాళ్లు కాదు. పూసిన మడి ముందు పన్నెండు రోజులు కదలకుండా కూర్చోవడం నాకు ఇదే మొదలు. అది చాల్లే. లోపలికొచ్చి చేతులు కడుక్కో."

పోయింది మధ్యాహ్నం. నేను మందు కలుపుతున్నా. మొహం కిటికీ వైపే ఉంది. బయట తవ్విన మట్టి తప్ప ఏమీ లేదు. చాల్లే అని అమ్మ అంది కానీ, నాకు చాల్లేదు అక్కా. ఆ వైపు ఒక్క పువ్వయినా ఉండాల్సింది.

నిన్న టైర్ల షాపాయన నాలుగు రోజులు పనికి రాకు, ఇంట్లో ఉండు అన్నాడు. ఇంట్లో ఏముందని ఉండను? పొద్దెక్కేదాకా పడుకున్నా లేవరా అనే గొంతు లేదు. పాపకి మెడ నిలబడగానే బయల్దేరు. నన్ను తిట్టినందుకు బాధపడకు. వచ్చి, ఎదురుగా కూర్చుని, మళ్లీ తిట్టు. ఈ ఇంట్లో నన్ను తిట్టేవాళ్లు ఎవరూ లేరు.

నీ కోసం చూసే
తమ్ముడు